తుంటి బరువు ఎక్కడ దిగాలి?

తుంటి మార్పిడి ఆపరేషన్ జరిగి పదేళ్లు దాటినవాళ్ల ఎక్స్‌రే ఎప్పుడైనా చేతికొస్తే లోహం కేసి చూడకండి. అది పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే తెల్లగా మెరుస్తుంటుంది. దాని పక్కనున్న ఎముకను చూడండి. తొడ ఎముక మెడ కింద, లోపలి వైపు వంపు తిరిగే చోట, మామూలుగా దట్టమైన తెల్లగీత ఉండాలి. తొడ ఎముక లోపలికి పొడవాటి లోహపు కాడ దించిన తుంటుల్లో చాలాసార్లు ఆ గీత పలచబడి, అంచు గుండ్రంగా కరిగిపోయి, మబ్బు రంగులోకి మారి ఉంటుంది. కిందికి వస్తే, కాడ మొన తగిలే చోట, ఎముక గోడ ఉబ్బి మందమై ఉండొచ్చు. పైన చిక్కింది, కింద బలిసింది. ఇన్‌ఫెక్షన్ లేదు, కాడ వదులు కాలేదు, మనిషి హాయిగా నడుస్తున్నాడు. పై ఎముకకు పని పోయింది, అంతే.

ఎముక రాయి కాదు. బరువు పడే చోట పెరుగుతుంది, పడని చోట తనను తానే తినేస్తుంది. ఈ సంగతిని 1892లో జర్మన్ సర్జన్ యూలియుస్ వోల్ఫ్ ఒక నియమంగా రాసిపెట్టాడు. టెన్నిస్ ఆడేవాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా ఉండేది ఇందుకే. భారమే తెలియని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత పోగొట్టుకునేదీ ఇందుకే.

నడిచేటప్పుడు తుంటి కీలు మీద ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్ల భారం పడుతుంది. కాలు తట్టుకుని తూలి, పడకుండా నిలదొక్కుకున్న ఆ ఒక్క క్షణంలో అది 7, 8 రెట్లకు పోతుంది. పుట్టుకతో వచ్చిన తుంటిలో ఆ భారం బంతి నుంచి మెడలోకి, మెడ నుంచి ఆ లోపలి వంపులోకి దిగుతుంది. ఆపరేషన్‌లో అరిగిన బంతిని కోసేసి, మూలుగ ఉండే గొట్టంలోకి లోహపు కాడ దించి, దాని తల మీద కొత్త బంతి పెడతారు. కాడ పొడవుగా ఉండి అడుగున గట్టిగా బిగుసుకుందంటే, భారం పై ఎముకను పలకరించకుండానే లోహం వెంట తిన్నగా కిందికి వెళ్లిపోతుంది.

లోహం అంత దురుసుగా బరువు లాగేసుకోవడానికి కారణం దాని బిగుసుతనం, అంటే వంగకుండా నిలిచే గుణం. దాన్ని గిగాపాస్కల్‌లలో కొలుస్తారు. ఎముక గట్టిపొరది 15–20. టైటానియం మిశ్రమానిది దాదాపు 110. కోబాల్ట్ క్రోమ్‌ది 200 పైనే. దీనికితోడు కాడ లావు ఒకటి. గుండ్రని కడ్డీ వ్యాసం రెండింతలైతే దాన్ని వంచడానికి కావలసిన బలం పదహారింతలవుతుంది. అంటే గొట్టం నిండా పట్టే లావాటి కాడ కొంచెమైనా వంగదు, పక్కనున్న ఎముకను వంగనివ్వదు. వంగని ఎముకకు తనమీద బరువుందన్న కబురే అందదు.

ఇంగ్లండ్‌లోని రైటింగ్టన్ ఆసుపత్రిలో 1962 నవంబర్‌లో జాన్ చార్న్లీ ఇప్పటి తుంటి మార్పిడికి నాంది పలికినప్పుడు ఇది పెద్ద బెంగ కాదు. ఆయన దగ్గరికొచ్చిన వాళ్లలో వయసు మళ్లినవాళ్లే ఎక్కువ, ఒక్క కీలుతో జీవితం గడిచిపోయేది. ఇప్పుడు యాభై ఏళ్లకే, నలభై ఏళ్లకే ఈ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. 2019లో వెలువడిన ఒక పెద్ద లెక్క ప్రకారం కృత్రిమ తుంటుల్లో 25 ఏళ్లు నిలిచేవి సుమారు 58 శాతం. నలభై అయిదేళ్ల మనిషికి రెండో ఆపరేషన్ అవసరపడే అవకాశం తక్కువేమీ కాదన్నమాట. అప్పటికి కొత్త కాడ నాటడానికి పైన ఎముక మిగిలి ఉండాలి.

పొట్టి కాడ ఆలోచన ఇక్కడి నుంచి వచ్చింది. మామూలు కాడలు 140, 150 మిల్లీమీటర్లు, అంతకు మించీ ఉంటాయి. 120 లోపు ఉన్నవాటిని సాధారణంగా పొట్టివి అంటారు. తొడ ఎముక మెడను వీలైనంత కోయకుండా వదలాలని ఇటలీలో ఫ్రాంచెస్కో పిపినో వాదించాడు. 1980లలో మేయో క్లినిక్‌లో బెర్నార్డ్ మోరీ పైభాగంలోనే నిలిచే ఒక కాడ తయారుచేశాడు. ఆ తర్వాత ఆకారాలు బోలెడు వచ్చాయి: మెడ ఉంగరంలోనే కూర్చునేవి, లోపలి వంపును ఒరుసుకుంటూ అరటిపండులా వంగినవి, మామూలు కాడనే కింద కత్తిరించినట్టుండేవి. అన్నిటినీ ఒకే పేరుతో పిలవడం నాకైతే నచ్చదు. పొట్టి అనగానే కోత చిన్నది, ఆపరేషన్ చిన్నది అనుకుంటారు చాలామంది. కాడ పొడవుకూ చర్మం మీద గాటుకూ సంబంధం లేదు.

ఆపరేషన్ గదిలో పొట్టి కాడతో ఉన్న అసలు కష్టం చెవికి తెలుస్తుంది. కాడ పెట్టే ముందు దాని ఆకారంలోనే ఉన్న, ఆకురాయిలా గరుకుపళ్లున్న పనిముట్టును సుత్తితో కొడుతూ ఎముకలో చోటు చేస్తారు. మొదట చప్పుడు బొంగురుగా ఉంటుంది. సైజు పెరిగి ఎముకకు బిగుసుకునే కొద్దీ స్వరం పైకి లేస్తుంది. అనుభవమున్న సర్జన్ ఆ మార్పు వినే ఆగుతాడు. ఇంకో దెబ్బ వేస్తే ఎముక పగలొచ్చు. ముందే ఆగితే చిన్న సైజు కాడ పడి తర్వాత కిందికి దిగబడుతుంది. పొడవాటి కాడకైతే ఎముక గొట్టమే దారి చూపిస్తుంది. పొట్టిదానికి ఆ ఊతం లేదు, కాస్త వాలుగా కూర్చోవడం తేలిక.

పైగా ఎముకకు అంటించే సిమెంట్ వేయని కాడ మొదటి కొన్ని వారాలు కదలకుండా ఉండాలి. దాని గరుకు ఉపరితలంలోకి ఎముక అల్లుకోవాలంటే కదలిక 40–50 మైక్రాన్‌లు దాటకూడదు, అంటే తలవెంట్రుక మందం కూడా కాదు. 150 దాటితే ఎముకకు బదులు పీచు కణజాలం పెరుగుతుంది. అది ఎప్పటికీ బిగుసుకోదు. అందుకే బోలుబారిన ఎముకకు, గొట్టం వెడల్పై గోడలు పలచబడిన తొడకు పొట్టి కాడ సరిపడదు. వయసు పైబడి ఎముక బలహీనపడ్డవాళ్లకు సిమెంట్‌తో బిగించే పాత పద్ధతే చాలాసార్లు మేలు, ఎముక విరిగే ప్రమాదం అందులోనే తక్కువ.

మరి ఫలితం? ఎముక సాంద్రతను చూపే డెక్సా స్కాన్‌తో కొలిచినప్పుడు కొన్ని పొట్టి కాడల చుట్టూ, ముఖ్యంగా లోపలి వంపు దగ్గర, ఎముక నష్టం తగ్గింది. ఆగిపోలేదు, తగ్గింది. అన్ని డిజైన్లలోనూ తగ్గలేదు కూడా. నడక, నొప్పి, మెట్లెక్కడం వంటివాటిలో మాత్రం పొడవాటి కాడకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించడం లేదు. పేషెంటుకు ఇవాళ తెలిసే సుఖం కాదిది. ఎప్పుడో జరిగే రెండో ఆపరేషన్ కోసం దాచిపెట్టుకునేది.

ఆ రెండో ఆపరేషన్ రోజు ఎలా ఉంటుందంటే, తొడ లోపలి దాకా ఎముక అల్లుకుపోయిన పొడవాటి కాడను లాగలేక, కొన్నిసార్లు తొడ ఎముక పైభాగాన్ని నిలువునా చీల్చి తలుపులా తెరుస్తారు. కాడ తీశాక ఆ తలుపు మూసి తీగలు చుడతారు. దానికన్నా పొడవాటి కాడ ఇంకా కిందికి దించుతారు. పొట్టిదైతే సన్నని ఉలులతో పైనుంచే విడదీసి, చాలాసార్లు దాని చోట మామూలు పొడవు కాడ ఒకటి నాటగలుగుతారు. మామూలుగా మొదటిసారి వేసే కాడనే రెండోసారి వేసినట్టు ఉంటుంది.