చిన్న మిల్లింగ్ మెషీన్‌ను సీఎన్‌సీగా మార్చడం: అపోహలు - వాస్తవాలు

పలాసలో జీడిపిక్కలు కోసే యంత్రాలకు విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు నాది. చేతితో తిప్పే మిల్లింగ్ మెషీన్‌ను (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే యంత్రాన్ని) సీఎన్‌సీగా, అంటే కంప్యూటర్ నడిపేదిగా, మార్చుకోవాలని వచ్చే కుర్రవాళ్లు ముందుగా మోటార్ల గురించే అడుగుతారు. కోయవలసిన ముక్కను (జాబ్‌ను) బిగించే టేబుల్‌ను జరిపే స్క్రూ గురించి అడిగేవారు చాలా తక్కువ.

అపోహ: స్క్రూలో లూజు ఉన్నా సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది.

వాస్తవం: లినక్స్‌సీఎన్‌సీ, మాక్3 వంటి సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్లలో ఈ లూజును, అంటే బ్యాక్‌లాష్‌ను, సరిపెట్టే సదుపాయం ఉన్న మాట నిజమే. టేబుల్ దిశ మారినప్పుడల్లా అవి స్క్రూను ఆ మేరకు అదనంగా తిప్పుతాయి, కానీ స్క్రూకూ నట్‌కూ మధ్య ఖాళీ అలాగే ఉండిపోతుంది. అందువల్ల కట్టర్ టేబుల్‌ను అది సాగే దిశలోనే లాగే క్లైంబ్ మిల్లింగ్‌లో టేబుల్ ఒక్కసారిగా ముందుకు దూకి కట్టర్ విరిగే ప్రమాదం ఉంటుంది. నేను పాత స్క్రూలనే ఉంచి, లూజును కొలిచి సాఫ్ట్‌వేర్‌లో ఇచ్చి, 6202 బేరింగ్ కోసం 35 మి.మీ. గుంట తీసినప్పుడు, టేబుల్ అడ్డంగా (ఎక్స్) గానీ ముందువెనకలకు (వై) గానీ దిశ మార్చుకునే నాలుగు చోట్లా మెట్టు పడింది. బేరింగ్ కూర్చోలేదు. ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతూ రెండు రోజులు గడిపాను.

యంత్రం కొనే ముందే ఈ లూజును కొలవవచ్చు. డయల్ గేజ్‌ను టేబుల్ అంచుకు ఆనించి, హ్యాండ్‌వీల్‌ను ఒక వైపు తిప్పి, తిరిగి వెనక్కి తిప్పేటప్పుడు ముల్లు కదిలేలోపు ఎన్ని గీతలు దాటాయో లెక్కపెట్టాలి. రెండు చివర్లలో కూడా చూడాలి, ఎందుకంటే స్క్రూ ఎక్కువగా మధ్యలోనే అరుగుతుంది. అక్కడి లూజు పోయేలా నట్‌ను బిగిస్తే చివర్లలో టేబుల్ పట్టేస్తుంది.

అపోహ: బాల్ స్క్రూలు (నట్‌లో చిన్న గుండ్లు దొర్లే స్క్రూలు) వేస్తే ఇక చింత లేదు.

వాస్తవం: 16 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) ఉండే 1605 బాల్ స్క్రూ నట్‌కు ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) 48 మి.మీ. ఉంటుంది కనుక, టేబుల్ కింద అంత చోటు ఉందో లేదో ముందే కొలుచుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, పాత స్క్రూ, కట్టర్‌ను తిప్పే స్పిండిల్ హెడ్‌ను ఉన్నచోటే పట్టి ఉంచుతుంది గానీ బాల్ స్క్రూకు ఆ గుణం లేదు. కరెంటు పోయి మోటారు పట్టు సడలగానే హెడ్ తన బరువుకు తానే దిగి, జాబ్ బిగిస్తున్న చేతి మీదికి రావచ్చు. 2018లో తిత్లీ తుపానును చూసిన మా తీరంలో, గాలివానకు కరెంటు పోవడం మామూలైన చోట, హెడ్‌ను పైకీ కిందికీ నడిపే జెడ్‌కు బ్రేక్ ఉన్న మోటారో ఎదురు బరువో తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా స్క్రూలకు నూనె కూడా ఆరనివ్వకూడదు.

అపోహ: మైక్రోస్టెప్పులు పెంచితే కచ్చితత్వం పెరుగుతుంది.

వాస్తవం: చుట్టుకు 200 స్టెప్పుల మోటారులో ఒక్కో స్టెప్పును పది మైక్రోస్టెప్పులుగా విభజిస్తే 5 మి.మీ. లీడ్ మీద మైక్రోస్టెప్పుకు 2.5 మైక్రాన్లు అని లెక్క వస్తుంది. గిబ్‌లు (టేబుల్ జారే చోట సందును సరిచేసే పట్టీలు) బిగుసుకుపోయి ఉంటే టేబుల్ అంత చిన్న అడుగుకు కదలనే కదలదు.

అపోహ: పెద్ద మోటారు వేస్తే స్టీలు సులభంగా కోయవచ్చు.

వాస్తవం: కోతకు ఎదురు నిలవవలసింది యంత్రపు పోత ఇనుము. పక్కకు వంచే కాలమ్ (హెడ్‌ను మోసే స్తంభం) ఉన్న చిన్న యంత్రాల్లో ఆ కీలు దగ్గరే ఊగుడు మొదలవుతుంది కనుక, కాలమ్‌ను బెడ్‌కు స్థిరంగా బిగించిన బరువైన యంత్రాన్నే ఎంచుకోవాలి.