హిమాలయాల కింద వేరు ఎంత లోతు?

తాపీమేస్త్రీ తాడుకు కట్టి వేలాడదీసే గుండు తిన్నగా కిందికే దిగాలి. కానీ పక్కన పెద్ద కొండ ఉంటే అది గుండును ఇసుమంత తనవైపు లాగుతుంది. బ్రిటిష్ కాలపు సర్వేకు తలనొప్పి మొదలైంది ఇక్కడే. ఉత్తర భారతంలోని కల్యాణ్‌పూర్, కలియానా కేంద్రాల మధ్య అక్షాంశ తేడాను నేల మీద కొలిస్తే ఒక లెక్క వచ్చింది, గుండు చూపే నిలువును పట్టుకుని నక్షత్రాలను చూసి కడితే ఇంకో లెక్క. రెండింటికీ తేడా 5.24 కోణ సెకన్లు. నేల మీద దాదాపు 160 మీటర్లు.

కలకత్తాలో క్రైస్తవ మతాధికారిగా ఉన్న జాన్ ప్రాట్‌కు గణితం మీద గట్టి పట్టు. హిమాలయాల బరువును బట్టి లెక్క వేస్తే తేడా 15 సెకన్లు దాటాలి. అంటే కొండలు లాగాల్సినంత లాగడం లేదు! 1855లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ ఒక వివరణ ఇచ్చాడు. నీళ్లలో తేలే దుంగల్లో ఏది ఎక్కువ పైకి కనిపిస్తుందో అదే ఎక్కువ లోతుకు దిగి ఉంటుంది. పర్వతాల కిందా తేలిక రాయి అలాగే చెట్టు వేరులా దిగి ఉండాలి. ప్రాట్ ఒప్పుకోలేదు, అక్కడ రాయి సాంద్రతే తక్కువ అన్నాడు. గుండు ఇద్దరికీ సరిపోయే సాక్ష్యమే చెప్పింది. తవ్వి చూద్దామంటే అయ్యే పని కాదు.

దారి క్రొయేషియాలో దొరికింది. 1909 అక్టోబరు 8 నాటి భూకంపం రికార్డుల్లో అక్కడి శాస్త్రవేత్త మొహొరొవిచిచ్‌కు ఒకే రకం తరంగం రెండుసార్లు వచ్చినట్టు కనిపించింది. ఊళ్లోంచి వెళ్లే బస్సు కంటే చుట్టూ తిరిగి బైపాస్ మీద వెళ్లిన బస్సు ముందు చేరినట్టు, లోతుకు దిగి గట్టి రాతిలో పరుగెత్తిన తరంగం ముందే వచ్చింది. పైపొరకూ ఆ రాతికీ మధ్య హద్దే, ఆయన పేరు మీద, మోహో.

మన దేశంలో ఈ రకం లోతు సర్వే 1972లో కావలి నుంచి ఉడుపి గీత మీద మొదలైంది. సోవియట్ సాయంతో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పేలుళ్లు జరిపి ప్రతిధ్వనులు పట్టింది.

హిమాలయాల్లో మాత్రం దూరపు భూకంపాలే ఎక్కువగా పనికొచ్చాయి. కింది నుంచి వచ్చే, వేగం ఎక్కువైన పీ తరంగం మోహో దాటేటప్పుడు కొంత, నిదానంగా నడిచే ఎస్ తరంగంగా మారి వెనకబడుతుంది. మైదానంలో ఆ ఆలస్యం నాలుగైదు సెకన్లు, టిబెట్ వైపు తొమ్మిది దాకా. ఆలస్యం ఎంత ఎక్కువైతే పైపొర అంత మందం. ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఇలా చూస్తే, ఢిల్లీ దగ్గర 40 కిలోమీటర్ల లోతున్న మోహో లద్దాఖ్‌లోని తగ్లాంగ్ లా కింద 75కి దిగింది.

ఎయిరీ చెప్పిన వేరు ఉంది. కాకపోతే ఆయన దుంగలా ఉన్నచోటే తేలడం లేదు, భారత ఫలకం టిబెట్ కిందికి దూరుతోంది. 2015లో నేపాల్‌ను కుదిపిన భూకంపం పుట్టింది ఫలకం అలా జారే తలం మీదే.