టైపిస్టు చెవికి పనికొచ్చే రికార్డింగ్

ఒక గంట సంభాషణను అక్షరాల్లో పెట్టడానికి చేయి తిరిగిన టైపిస్టుకు కూడా మామూలుగా 4 గంటలు పడుతుంది. అందులో అసలు టైపింగ్ కంటే వెనక్కి వెళ్లి మళ్లీ వినడానికే ఎక్కువ సమయం పోతుంది. డిజిటల్ రికార్డింగ్ అనగానే అందరూ శబ్దం స్పష్టంగా ఉంటుందంటారు. నిజమే గానీ, రాసేవాళ్లకు అంతకంటే పెద్ద మేలు వేరే ఉంది. ఫైలులో ప్రతి క్షణానికీ ఒక చిరునామా ఉంటుంది. 42వ నిమిషం 17వ సెకనుకు కావాలంటే రెప్పపాటులో చేరుకోవచ్చు. క్యాసెట్‌లో అయితే టేపు చుట్టుకునేదాకా ఆగాలి. దాని కౌంటర్ చూపే అంకె చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చెబుతుంది తప్ప సమయం చెప్పదు.

రెండో మేలు వేగం తగ్గించడం. టేపును సగం వేగంతో నడిపితే గొంతు శ్రుతి కూడా సగానికి పడిపోయి, మగగొంతు గురగురలాడుతుంది. డిజిటల్ ప్లేయర్ ధ్వనిని కొన్ని పదుల మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, వాటిని ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేలా దూరదూరంగా పేరుస్తుంది. మాట నెమ్మదిస్తుంది, గొంతు మారదు. 70–80 శాతం వేగం చాలామందికి హాయిగా ఉంటుంది. 50 శాతం కంటే దిగితే లాభం లేదు: క, ట, ప వంటి హల్లులు పలికేటప్పుడు వచ్చే చిన్న పేలుడు కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది కాబట్టి, ముక్కలు పేర్చడంలో అది రెండుసార్లు వినిపిస్తుంది, లేదా అలుక్కుపోతుంది.

ఫుట్ పెడల్ (ఆడియోను కాలితో నడిపే, ఆపే మీట) వాడేవాళ్లు ‘ఆటో బ్యాక్‌స్పేస్’ను 1 నుంచి 2 సెకన్లకు పెట్టుకోవాలి. కాలు తీసి మళ్లీ నొక్కగానే ఆడియో అంత వెనక్కి జరిగి మొదలవుతుంది, తెగిన మాట మళ్లీ అందుతుంది. చేతులు కీబోర్డు మీదనుంచి కదలనక్కర్లేదు.

ఇక నాణ్యత సంగతి. సెకనుకు ఎన్ని శాంపిళ్లు (ధ్వనిని కొలిచిన అంకెలు) తీస్తే అందులో సగం వరకే పౌనఃపున్యాలు నిలుస్తాయి. అచ్చుల గుర్తింపుకు కావలసినదంతా దాదాపు 4,000 హెర్ట్జ్ లోపే ఉంటుంది గానీ స, శ, ఫ ధ్వనుల్లోని ఊపిరి శబ్దం 4,000 నుంచి 8,000 దాకా పరుచుకుని ఉంటుంది. పాత తరహా ఫోన్ లైను 3,400 దగ్గరే కోసేస్తుంది కనుకే ఫోన్లో పేర్లు అక్షరమక్షరం చెప్పాల్సి వచ్చేది. కాబట్టి సెకనుకు 16,000 శాంపిళ్లు, ఒక్కో శాంపిలుకు 16 బిట్లు, ఒకే చానెల్ అన్నది కనీస స్థాయి. గంటకు సుమారు 115 మెగాబైట్లు. 44,100 శాంపిళ్లు పెడితే దాదాపు 318 మెగాబైట్లు. చోటు సమస్య కాకపోతే దీన్నే ఎంచుకోండి. ఫైలును కుదించే ఎంపీ3 అయితే ఒక్క చానెల్‌కు సెకనుకు 64 కిలోబిట్ల కంటే తగ్గించకండి. ఒకరి మాట మీద మరొకరి మాట పడ్డచోట ఆ పొదుపు ముందుగా బయటపడుతుంది.

ఎంత మంచి సెట్టింగైనా మైకు దూరంగా ఉంటే వృథా. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలోని ప్రతిధ్వని మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఫ్యాను హోరు లాంటి నిలకడైన రొదను తర్వాత సాఫ్ట్‌వేర్‌తో కొంత తగ్గించవచ్చు; ప్రతిధ్వని అంత తేలిగ్గా వదలదు. మైకు నోటికి 20–30 సెంటీమీటర్లలో ఉండాలి. మనుషులు ఇద్దరే అయితే ఇద్దరికీ చెరొక మైకు పెట్టి ఎడమ, కుడి చానెళ్లలో విడిగా ఎక్కించడం అన్నిటికంటే మంచి పద్ధతి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడు ఒక చానెల్ మూసి రెండోది వినవచ్చు, ఎవరు అన్నారన్న అనుమానమూ చాలావరకు తీరుతుంది.

రికార్డయ్యే శబ్ద స్థాయి విషయంలో టేపు అలవాటు పనికిరాదు. టేపు మీద శబ్దం మితిమీరితే క్రమంగా చెడుతుంది. డిజిటల్‌లో మీటరు చివరి గీత అయిన 0 డెసిబెల్స్ దగ్గర ధ్వని తరంగం తల తెగిపోతుంది, పోయినది తిరిగి రాదు. బిగ్గరగా పలికిన మాట మీటరులో మైనస్ 12 దగ్గర ఆగేలా చూడండి. ఆటోమేటిక్ స్థాయి నియంత్రణ నిశ్శబ్దంలో రొదను పైకి లాగుతుంది, ఒక పెద్ద నవ్వు వచ్చాక తర్వాతి రెండు మాటలను మింగేస్తుంది. మాట వినపడినప్పుడే రికార్డు చేసే సదుపాయాన్ని తప్పకుండా ఆపేయాలి. అది ప్రతి వాక్యం మొదటి అక్షరాన్ని కోసేయడమే కాదు, నిశ్శబ్దాలను వదిలేస్తుంది కాబట్టి ఫైలులోని సమయాలు అసలు సమయాలతో కలవవు.

రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోతే వేవ్ (.wav) ఫైలు తెరుచుకోకపోవచ్చు. ఫైలు పరిమాణాన్ని రికార్డింగ్ ముగిశాకే ఫైలు తలభాగంలో రాసే రికార్డర్లలో ఇలా జరుగుతుంది. ధ్వని చాలావరకు కార్డులోనే ఉంటుంది, కాబట్టి కార్డును ఫార్మాట్ చేయకుండా, దాని మీద మరేదీ రికార్డు చేయకుండా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాలి.

పెద్ద రికార్డింగును నలుగురికి పంచేటప్పుడు ముక్కల అంచులు 10 సెకన్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా కత్తిరించండి, లేకపోతే అతుకు దగ్గరి వాక్యం ఎవరికీ దొరకదు. కోసేదీ, శుభ్రం చేసేదీ నకలు మీదే. వినపడని చోట ఊహించి రాయకుండా ‘అస్పష్టం 00:42:17’ అని సమయం వేసి వదిలేస్తే, సరిచూసేవాళ్లు గంటసేపు వెతక్కుండా నేరుగా అక్కడికే వెళ్లి వింటారు. ముక్కలుగా పంచిన పనిలో ఆ సమయం ముక్కది కాకుండా అసలు ఫైలుది అయి ఉండాలి.