‘సర్టిఫికెట్ ఇచ్చేశాం గదండీ!’

మొన్న ఏప్రిల్‌లో, సెమిస్టర్ పరీక్షల ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్. ‘మేడమ్ గారూ, రేపు మావాడికి పరీక్ష రాసేదానికి ఎవరొస్తారండీ?’ అవతల ఓ తండ్రి. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర పని. వెనకాల మిర్చి బస్తాలు (టిక్కీలు) లారీకి ఎత్తుతున్న కేకలు వినపడుతున్నాయి. కొడుక్కి లో విజన్, అంటే చూపు బాగా తక్కువ. బీకాం రెండో ఏడాది. అడ్మిషన్ రోజున ఇచ్చిన సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) జిరాక్స్ మా ఫైల్లో భద్రంగా ఉంది. ఆ సెమిస్టర్‌కి స్క్రైబ్ (తను చెబుతుంటే పరీక్ష రాసిపెట్టే మనిషి) కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మాటే చెబితే ఆయన కాసేపు ఆగి, ‘సర్టిఫికెట్ ఇచ్చేశాం గదండీ’ అన్నాడు. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి.

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతూ, దివ్యాంగ విద్యార్థుల సెల్ పని కూడా చూస్తుంటాను. ఈ మాట ఏటా వింటాను. అపోహలు చాలా ఉన్నాయి గానీ, పిల్లలకు ఎక్కువ పేపర్లు పోగొట్టింది ఇదే. సర్టిఫికెట్ ఇస్తే చాలు, మిగతాదంతా కాలేజీయే చూసుకుంటుందన్న నమ్మకం.

ఈ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. స్కూల్లో అలాగే నడిచింది. దివ్యాంగ పిల్లల కోసం ఉండే భవిత సెంటర్ టీచర్ వచ్చి పేరు రాసుకుంది, అమ్మ వెళ్ళి హెడ్మాస్టర్‌తో మాట్లాడింది, టెన్త్ పరీక్షకు స్క్రైబ్‌ని స్కూలువాళ్ళే చూశారు. పిల్లవాడు వెళ్ళి కూర్చున్నాడు, అంతే. డిగ్రీకి వచ్చేసరికి పద్దెనిమిది దాటింది. ఇక్కడ దరఖాస్తు మీద సంతకం వాడిదే ఉండాలి. నాన్న ఫోన్ చేస్తే ఓదారుస్తాను. ఆ ఫోన్ మీద గది మాత్రం కేటాయించలేను.

పైగా సదరం సర్టిఫికెట్ చెప్పేది వైకల్యం ఉందనీ, ఎంత శాతమనీ. పరీక్ష రాయడానికి ఏం కావాలో అది చెప్పదు. 2018 ఆగస్టు 29న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అంధత్వం, రెండు చేతులకూ వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళు అడిగితే చాలు, స్క్రైబ్‌ని ఇవ్వాలి. లో విజన్‌తో సహా మిగతావాళ్ళు ‘ఇతను సొంతంగా రాయలేడు, స్క్రైబ్ అవసరం’ అని సివిల్ సర్జన్ నుంచో ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంట్ నుంచో ఇంకో లెటర్ తేవాలి. దానికోసం జీజీహెచ్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో, ఓపీ చీటీ దగ్గర మొదలుపెడితే ఎన్ని రోజులు తిరగాలో తిరిగినవాళ్ళకే తెలుసు. హాల్ టికెట్ వచ్చాక మొదలుపెట్టే పని కాదది. ఈ కుర్రాడు మొదటి ఏడాదిలో తెచ్చిన లెటర్ ఫైల్లో ఉండబట్టి ఆ రాత్రి బతికిపోయాం.

బతికిపోయాం అన్నాను గానీ, పూర్తిగా కాదు. తొమ్మిదిన్నర దాకా ఫోన్లు చేస్తే, బ్రాడీపేటలో హాస్టల్లో ఉండే ఓ ఇంటర్ అమ్మాయి దొరికింది. డిగ్రీ విద్యార్థి సొంతంగా స్క్రైబ్‌ని తెచ్చుకుంటే వాళ్ళ చదువు ఒక మెట్టు కింద ఉండాలి, అందుకే మేం ఇంటర్ పిల్లల కోసం వెతుకుతాం. మంచి పిల్ల, చేతిరాత ముత్యాల్లా ఉంది. బైపీసీ. ఉన్నది అకౌంటింగ్ పేపర్. పరీక్ష మొదలైన పది నిమిషాలకు ‘డెబిట్ అంటే ఎడమవైపా, కుడివైపా?’ అని అడిగిందట. వీడు గడులు గీయించాడు, తప్పు గడిలో పడిన అంకెను కొట్టేయించాడు, మళ్ళీ గీయించాడు. గంటకు ఇరవై నిమిషాల లెక్కన మూడు గంటల పేపర్‌కి ఇంకో గంట వచ్చింది. అదంతా ఆ గీతలకే పోయింది. వచ్చిన లెక్క రాయలేక సప్లీ కట్టాడు.

చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. ‘ఇక్కడ లైన్ వదులు’, ‘ఈ అంకె బయటి కాలమ్‌లో వెయ్’, ‘టోటల్ కింద రెండు గీతలు’ అని ఎంత కచ్చితంగా చెబితే అంత బాగా వస్తుంది. పాత క్వశ్చన్ పేపర్ పెట్టుకుని రెండు మధ్యాహ్నాలు ఇద్దరూ కూర్చుంటే సరిపోతుంది. కాలేజీ స్క్రైబ్‌ని ఇస్తే, పరీక్షకు రెండు రోజుల ముందే కలిసి, పనికొస్తారో లేదో చూసుకునే వీలు కల్పించాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. నచ్చకపోతే మార్చమని అడగొచ్చు. భాషల పేపర్‌కి ఒకరిని, మిగతా వాటికి ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ముందే అడిగినవాళ్ళకే ఇవన్నీ.

అడగడం ఒక్కసారితో అయిపోదు. ప్రతి సెమిస్టర్ మొదట్లో మళ్ళీ ఫారం ఇవ్వాలి, ఎందుకంటే పేపర్లు మారతాయి, అవసరాలూ మారతాయి. ఎగ్జామ్ సెక్షన్‌కి విడి గది, ఇన్విజిలేటర్, స్క్రైబ్ ఫొటో, గుర్తింపు పత్రం అన్నీ కావాలి. ఇవి రాత్రికి రాత్రి పుట్టవు.

దీనికి తమ్ముడి లాంటిది ఇంకొకటి: ‘లెక్చరర్లకు సెల్ వాళ్ళు చెప్పేసుంటారు.’ నేను లెటర్ పంపుతాను, నిజమే. అది హెచ్‌ఓడీ టేబుల్ మీద ఏ కాగితాల కింద ఉంటుందో నాకు తెలియదు. అంతెందుకు, ఓసారి నేనే ఒకమ్మాయి లెటర్ డ్రాయర్లో పెట్టి మరిచిపోయాను. మిడ్స్‌కి వారం ముందు ఆ పిల్లే వచ్చి ‘మేడమ్, మా సార్‌కి నా సంగతి తెలిసినట్టు లేదు’ అంది కాబట్టి సరిపోయింది. నేను సారీ చెప్పాను. తను రాకపోయుంటే తప్పు నాది, మార్కులు తనవి. మొదటి వారంలో లెక్చరర్ని స్టాఫ్‌రూమ్‌లో కలిసి, ‘బోర్డు కనపడదు సార్, మీ పీపీటీ పెద్ద అక్షరాల్లో కావాలి’ అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

అసలు చెప్పుకోని వాళ్ళ సంగతి వేరు. వాళ్ళ మీద నాకు కోపం రాదు. విజయవాడ నుంచి రోజూ రైల్లో వచ్చే ఓ అమ్మాయి ఉండేది. ఒక చెవి అసలు వినపడదు, రెండోది సగమే. జుట్టు విరబోసుకుని హియరింగ్ ఎయిడ్ దాచుకునేది. పిలిస్తే పలకదు, పొగరని పేరు. మూడు సెమిస్టర్లు అలాగే నెట్టుకొచ్చింది. చివరికి వాళ్ళమ్మ వచ్చి, ‘బయటికి తెలిస్తే సంబంధాలు రావమ్మా’ అని నా ఎదుట కళ్ళు తుడుచుకుంది. నేను లెక్చరర్లకు రాసే లెటర్లో జబ్బు పేరు ఉండదు. ‘ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ముఖం కనపడేలా మాట్లాడండి’ అని మాత్రమే ఉంటుంది. నోటీసు బోర్డులో ఎవరి పేరూ పెట్టం. ఇది తెలిసుంటే ఆ తల్లి మూడు సెమిస్టర్ల ముందే వచ్చేది.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను.

సర్టిఫికెట్ ఉంటే అటెండెన్స్ అక్కర్లేదా? అక్కర ఉంది. తలసీమియా ఉన్న విద్యార్థి రక్తం ఎక్కించుకోవడానికి రెండు మూడు వారాలకోసారి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, అది మాకూ తెలుసు. ఆ వారం చీటీ ఆ వారమే తెచ్చివ్వాలి. షార్టేజ్ లిస్టు అంటించాక ఆరు నెలల చీటీలు కవర్లో పోసి తెస్తే నేనేం చేయను?

వైకల్యం 40 శాతం లేకపోతే ఏదీ రాదా? రిజర్వేషన్ రాదు. అది వేరే లెక్క. రాయడంలో నిజంగా ఇబ్బంది ఉంటే 40 లోపు ఉన్నవాళ్ళకీ స్క్రైబ్ ఇవ్వొచ్చని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, 2022 ఆగస్టు 10న కేంద్రం దానికి విడిగా మార్గదర్శకాలూ ఇచ్చింది. స్క్రైబ్ వద్దన్నవాళ్ళకు అదనపు సమయం ఉండదా? బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతం లేదా అంతకు మించి, ఉంటే ఉంటుంది. డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) బద్ధకమా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో లెర్నింగ్ డిసెబిలిటీ ఒకటి, ఇక ఆ చర్చ వద్దు.

‘పాస్ చేసేస్తారంట కదా మేడమ్’ అనేవాళ్ళకి: సిలబస్ అదే, పేపర్ అదే, దిద్దేవాళ్ళూ వాళ్ళే. వాట్సాప్‌లో వచ్చిందని జీవో గురించి చెబితే నంబరూ తేదీ అడుగుతాను. ఇప్పటిదాకా ఒక్కరూ చూపించలేదు. దొంగ సర్టిఫికెట్‌తో వచ్చేవాళ్ళకి అదే చట్టంలో సెక్షన్ 91 ఉంది: రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ జులైలో క్లాసులు మొదలైన వారమే మిర్చి యార్డు వాళ్ళబ్బాయి మా గదికొచ్చాడు. ఫారం తనే నింపి తెచ్చాడు. అక్షరాలు పెద్దవిగా, గడులు దాటిపోయి ఉన్నాయి. వెంట ఓ ఇంటర్ కుర్రాడు. ‘వీడికి లెడ్జర్ గీయడం నేర్పా మేడమ్’ అన్నాడు. ఫారంలో రెండో స్క్రైబ్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. ‘పరీక్ష రోజు ఇతనికి జ్వరమొస్తే?’ అన్నా. తల గోక్కుని, ‘మా పక్కింటమ్మాయి ఉంది మేడమ్, ఇంటర్ ఫస్టియర్’ అన్నాడు. ఆ అమ్మాయి టెన్త్ మెమో జిరాక్స్, రెండు ఫొటోలు సోమవారంలోపు తెమ్మన్నా.