పుంటికూర అని కొడితే గోంగూర రావాలి: సైట్ సెర్చ్ మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, సైట్లో సెర్చ్ పనిచేయట్లేదు, ఎలాస్టిక్‌సెర్చ్ పెట్టేద్దామా?" నెలకి ఇద్దరైనా ఇదే మాటతో ఫోన్ చేస్తారు. అదేమో సర్వర్ మీద విడిగా నడిచే పెద్ద సెర్చ్ ఇంజిన్.

అపోహ: పెద్ద ఇంజిన్ పెడితే అన్నీ దొరుకుతాయి.

వాస్తవం: జనం ఏం కొడుతున్నారో చూడకుండా ఇంజిన్ మారిస్తే డబ్బు దండగ.

పోయినేడాది పచ్చళ్లు అమ్మే ఒకావిడ ఫోన్ చేశారు. ఉన్నవి 140 రకాలు. కొత్త సర్వర్‌కి నెలనెలా కట్టాలని ఎవరో కొటేషన్ ఇచ్చారట, పాపం గొంతు వణుకుతోంది. "ఆగండమ్మా, ముందు లాగ్ చూద్దాం" అన్నాను. లాగ్ అంటే జనం ఏం వెతికారో రాసుకునే చిట్టా. అసలు అదే లేదు. వెతికిన మాట, వచ్చిన ఫలితాలెన్ని, ఈ రెండూ ఒక టేబుల్లో పడేలా చేసి రెండు వారాలు ఆగాం.

సున్నా వచ్చిన వరుసల్లో అన్నిటికన్నా పైన పుంటికూర! తెలంగాణ కస్టమర్లు గోంగూరని అలాగే అంటారు, పచ్చడిని తొక్కు అంటారు. ఇంకొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టారు. ఆవకాయకి మొదట్లో ఒక ఏ, రెండు ఏలు, చివర వై, ఐ, ఎవరిష్టం వాళ్లది. సైట్లో పేర్లేమో తెలుగులోనే ఉన్నాయి. పుంటికూరా గోంగూరా ఒకటేనని ఏ ఇంజిన్‌కైనా మనమే చెప్పాలి. ఆవిడ నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు రాసిచ్చారు, మా అమ్మ ఇంకో రెండు మాటలు చేర్చింది. అదే సినానిమ్ టేబుల్, అంటే ఒకే వస్తువుకున్న వేర్వేరు పేర్ల పట్టిక. సరుకుల వివరాలుండే డేటాబేస్ పాత మైఎస్‌క్యూఎలే.

"లైక్ క్వెరీతో సైట్ కూలిపోతుంది" అని ఇంకో పుకారు. లైక్ క్వెరీ అంటే పేర్లలో ఫలానా మాట ఉందా అని డేటాబేస్‌ని అడగడం. మాటకి ముందు పర్సెంట్ గుర్తు పెడితే (ముందు ఏమున్నా సరే అని) అది ఇండెక్స్, అంటే పుస్తకం వెనకుండే సూచిక లాంటిది, వాడుకోకుండా వరుసలన్నీ చూస్తుంది, నిజమే. 140 వరుసలకి ఏం కొంప మునుగుతుంది? లక్షలైనప్పుడు మాట్లాడుకుందాం.

"తెలుగులో సెర్చ్ కుదరదు" అనేవాళ్లు ఒకసారి 'ఇన్‌స్టంట్', 'ఇన్స్టంట్' పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది. దాన్ని పేర్లలోనూ, కొట్టిన మాటలోనూ తీసేసి పోల్చండి, దొరుకుతుంది. ఇంగ్లిష్ అక్షరాల కోడ్ల మీదే తెలుగు చూపించే పాత అను ఫాంట్లలో ఉన్న కంటెంట్‌ని మాత్రం ఇప్పుడు అందరూ వాడే యూనికోడ్‌లోకి మార్చక తప్పదు.

ఫలితాలు వడకట్టే ఫిల్టర్లా? 140 రకాలకి కారం, తీపి చాలు.

మొన్న ఆవిడే మళ్లీ చేశారు. "నల్లేరు పచ్చడి అని 9 సార్లు కొట్టారండీ, మేం చేయం కదా. ఈసారి చేయమంటారా?"