ఉన్మాదమా, తీరుబడా?

1888లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో జరిగిన హత్యల్లో ఐదింటిని సాధారణంగా జాక్ ది రిప్పర్ అని పిలిచే, ఎవరో తేలని హంతకుడి ఖాతాలో వేస్తారు. నాలుగు ఆరుబయట జరిగాయి. నవంబర్ 9న జరిగిన ఐదోది, మేరీ కెల్లీ హత్య, గది లోపల. అన్నిటికన్నా ఘోరంగా ఛిద్రమైన శవం ఆమెదే. దీన్నిబట్టి హంతకుడికి ఉన్మాదం ముదిరిందని తేల్చేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కానీ వీధిలో గస్తీ పోలీసు తిరిగొచ్చేలోగా అంతా ముగించాలి. గదిలో అడ్డొచ్చేవాళ్లు లేరు. ముదిరింది జబ్బో, పెరిగింది తీరుబడో ఆ గాయాలు చెప్పలేవు.

ఆ ఐదుగురిలో ఒకరైన ఎలిజబెత్ స్ట్రైడ్ దగ్గర తిరకాసు ఇంకో రకం. గొంతు కోశారు, శవాన్ని మాత్రం ఛిద్రం చేయలేదు. శవం పడి ఉన్న ఆవరణలోకి ఒకతను గుర్రబ్బండి తోలుకొచ్చాడు గనక హంతకుడు మధ్యలో వదిలేసి పారిపోయాడా? లేక అసలు వేరే మనిషి చేసిన పనా? ఈ ఒక్క జవాబు మారితే హంతకుడి స్వభావం గురించి అల్లుకున్న వర్ణనంతా మారిపోతుంది.

అందుకే నేరం తీరునుబట్టి హంతకుడు ఎలాంటివాడో ఊహించే విశ్లేషణను, అంటే ప్రొఫైలింగ్‌ను, అతని మనసుతో మొదలుపెట్టకూడదు. ముందు శవపరీక్ష నివేదిక, నేరస్థలం ఫొటోలు, ఏది ఎప్పుడు జరిగిందన్న కాలక్రమం. ఆ తర్వాత ఒక్కో చర్యనూ విడదీసి అడగాలి: చంపడానికి గానీ దొరక్కుండా పోవడానికి గానీ ఇది అవసరమా? కేక వినపడకుండా గొంతు నొక్కడం అవసరమే. ప్రాణం పోయాక కోస్తూ ఉండటం అవసరం లేదు. హంతకుడి కోరిక బయటపడేది ఇలాంటి చోటే. నిపుణులు దీన్ని ‘సంతకం’ అంటారు. అయితే శవాన్ని ముక్కలు చేసిన ప్రతిసారీ సంతకం అనుకుంటే బోల్తాపడతాం. మోసుకెళ్లడం సులువవుతుందనీ, శవం ఎవరిదో గుర్తుపట్టలేరనీ అలా చేసేవాళ్లున్నారు.

కెల్లీ హత్య మర్నాడే డాక్టర్ థామస్ బాండ్ రాసిన నివేదిక ఈ విద్యకు తొలి నమూనాల్లో ఒకటి. హంతకుడికి కసాయిపాటి నేర్పు కూడా లేదన్నాడు. ఆ ఐదుగురిలో ఇంకొకరైన ఆనీ చాప్‌మన్ శవాన్ని పరీక్షించిన డాక్టర్ ఫిలిప్స్ మాత్రం శరీర నిర్మాణం తెలిసినవాడి పనేనన్నాడు. బాండ్ స్వయంగా పరీక్షించింది కెల్లీ శవాన్నే; మిగతా నలుగురి గురించి నోట్సు చదివాడు. హంతకుడు బలవంతుడని బాండ్ అన్న మాటకు గాయాల్లో ఎంతో కొంత ఆధారం ఉంది. మరి నడివయసువాడు, నీటుగా బట్టలు వేసుకుంటాడు అన్నవి ఏ గాయంలో కనిపించాయో!

ప్రతి ఊహ పక్కనా దాని ఆధారం, ఏది దొరికితే అది తప్పని తేలుతుందో రాయాలి. ‘ఒంటరి, ఆడవాళ్లతో సరిగా మెలగలేడు’ లాంటి వాక్యాలు ఎందరికో అతుకుతాయి. ఎవరిని ముందు విచారించాలో తేల్చుకోవడానికి ప్రొఫైల్ పనికొస్తుందేమో గానీ, నేరం రుజువు చేయడానికి పనికిరాదు.

1992లో లండన్‌లోని వింబుల్డన్ కామన్ మైదానంలో రేచెల్ నికెల్ హత్య జరిగినప్పుడు, ప్రొఫైల్‌కు సరిపోయాడని పోలీసులు ఒక నిరపరాధి చుట్టూ రహస్యంగా వల పన్నారు. ఆ సాక్ష్యాన్ని 1994లో జడ్జి తోసిపుచ్చాడు. డీఎన్‌ఏ ఆధారం దొరికాక 2008లో రాబర్ట్ నాపర్ అనే వేరే మనిషి నేరం ఒప్పుకున్నాడు. మధ్యలో, 1993 నవంబర్‌లో, అతను ఇంకో తల్లినీ ఆమె కూతురినీ చంపాడు.