పాత టీవీ విప్పాలనుకుంటున్న మా పిల్లలకు

కడప

చిన్నోడికీ, పాపకీ జేజినాయన ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ జేజి బాగున్నాం. ఎండలు 43 దాటాయి, మధ్యాహ్నం పూట కూలర్ ముందు నుంచి లేవబుద్ధి కావడం లేదు. సెలవులకు వచ్చినప్పుడు సజ్జ మీదున్న 21 అంగుళాల పాత టీవీని దించి విప్పుతామని, దాంట్లో స్పీకర్లు పీకి ఫోన్‌కు తగిలించుకుంటామని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో ఒక్క మాటగా ‘వద్దు’ అంటే మీరు వినరు. ఎందుకు వద్దో చెప్పనిదే వినాల్సిన పని కూడా లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఆ టీవీ సంగతి. దాని వెనక డబ్బా అంత పెద్దగా ఉండేది పిక్చర్ ట్యూబ్ వల్ల. తెర మీద బొమ్మ వెలగాలంటే ట్యూబ్‌కు దాదాపు 25,000 వోల్టులు కావాలి. దాన్ని ఈహెచ్‌టీ అనే ట్రాన్స్‌ఫార్మర్ తయారుచేసి, లావుపాటి ఎర్ర వైరు గుండా ట్యూబ్ పక్కనున్న రబ్బరు టోపీ కిందికి పంపిస్తుంది. ట్యూబ్ గాజుకు లోపలా బయటా నల్లటి పూత ఉంటుంది. రెండు పూతలు, మధ్యలో గాజు... అంటే ట్యూబే ఒక పెద్ద కెపాసిటర్, ఛార్జ్‌ను దాచిపెట్టుకునే డబ్బా లాంటిది. టీవీ ఆపి ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అందులో ఛార్జ్ రోజుల తరబడి ఉండొచ్చు. ఒకసారి దించేసినా కాసేపటికి కొంత మళ్లీ పైకి తేలుతుంది. మెకానిక్కులు దాన్ని ఎలా దించుతారో నాకు తెలుసు, మీకు ఈ ఉత్తరంలో చెప్పను.

ఇంకోటి, ట్యూబ్ లోపల గాలి ఉండదు. బయటి గాలి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున నొక్కుతూనే ఉంటుంది. ఆ తెర మీద మొత్తం లెక్కేస్తే టన్నుకు పైనే. వెనక సన్నగా ఉండే మెడ దగ్గర స్క్రూడ్రైవర్ తగిలి విరిగితే చాలు, గాజు ముక్కలు ఎగరొచ్చు. ముందు అద్దాన్ని గట్టిగా చేసి ఇనుప పట్టీ బిగించింది ఇందుకే, కానీ మెడకు ఆ కాపు లేదు. కాబట్టి ఆ టీవీ సజ్జ మీదే ఉంటుంది. స్పీకర్లు కావాలంటే నా పాత సామాన్ల పెట్టెలో బోలెడన్ని ఉన్నాయి.

‘మరి గోడకు తగిలించే సన్నటి ఎల్‌ఈడీ టీవీలో ట్యూబ్ లేదు కదా’ అని పాప అడుగుతుందని తెలుసు. ట్యూబ్ లేదు, పవర్ సప్లై బోర్డు ఉంది. మన ఇంట్లో వచ్చే 230 వోల్టుల ఏసీని అది ముందు డీసీగా మార్చి, దాదాపు 325 వోల్టుల దగ్గర ఒక లావు కెపాసిటర్‌లో నింపుతుంది. దాని మీద 400 లేదా 450 వోల్టులు అని రాసి ఉంటుంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు లాంటిదే అది. మోటారు ఆపేసినా కొళాయిలో నీళ్లు రావడం ఆగదు. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. బాగా పనిచేసే సెట్‌లో ఆ ఛార్జ్‌ను బోర్డే వాడుకుని తొందరగా ఖాళీ చేస్తుంది. పాడైన సెట్‌లో వాడుకునే భాగమే ఆగిపోయి ఉంటుంది కాబట్టి ఛార్జ్ చాలాసేపు అలాగే నిలిచి ఉంటుంది. ‘ఇది చచ్చిపోయిన టీవీలే, ఏమవుతుంది’ అనుకుని వేలు పెట్టేవాళ్లకే దెబ్బ తగిలేది. స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ రెండు కాళ్లూ కలిపి ఠప్పుమనిపించే వాళ్లను చూసి హీరోలనుకోవద్దు. కొన ఎగిరి కంట్లో పడుతుంది, బోర్డు కూడా పోతుంది. రెసిస్టర్‌తో మెల్లగా దించి, మీటర్‌తో కొలిచి, సున్నా దగ్గరకు వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టాలి. అది పెద్దవాళ్ల పని, మీరు పక్కన నిలబడి చూడండి.

స్విచ్ ఆపడాన్ని నేను నమ్మను. చాలా ఇళ్లలో వైరింగ్ చేసినవాళ్లు ఫేజూ (కరెంటు వచ్చే వైరు), న్యూట్రలూ (తిరిగి వెళ్లే వైరు) తారుమారు చేసి ఉంటారు. అప్పుడు స్విచ్ ఆపితే తెగేది న్యూట్రల్, ఫేజు సెట్ లోపలికి వస్తూనే ఉంటుంది. ప్లగ్గు పీకి, మీ కళ్లెదురుగా బల్ల మీద పెట్టుకోండి. కరెంటు పోయింది కదా అని ప్లగ్గు ఉంచి పని మొదలుపెట్టడం ఇంకా ఘోరం. ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? పైగా ఇప్పుడు ఇంటింటికీ ఇన్వర్టర్ ఉంది.

మన ఊరికి మాత్రమే సరిపోయే మాట ఒకటి చెబుతా. మన ఇంటి నేల కడప బండలు. మీ జేజి తడిగుడ్డతో తుడిచాక చల్లగా ఉంటుందని అందరం వట్టి కాళ్లతో తిరుగుతాం. పైన చెమట. పొడి చర్మం కరెంటును చాలావరకు అడ్డుకుంటుంది, తడిసిన చర్మం ఆ పని చేయలేదు. ఒంటి నిరోధం వెయ్యి ఓములకు పడిపోయిందనుకోండి, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లో పారతాయి. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. ఎండాకాలం పని చేయాలంటే తెల్లారే చేయాలి. ఎండిన చెక్క మీదో రబ్బరు పట్టా మీదో నిలబడి, చెప్పులేసుకుని, చేతులు తుడుచుకుని చేయాలి. కూలర్ పక్కన అసలే వద్దు. ఉంగరం, కడియం తీసేయండి.

స్విచ్‌బోర్డు పక్కన కొత్తగా పెట్టించిన, కరెంటు కారితే ఆపేసే ఆర్‌సీసీబీ ఉందిగా అని మీ నాన్న ధీమా. మంచిదే, 30 మిల్లీ ఆంపియర్లు నేలలోకి కారితే అది ట్రిప్ అవుతుంది. కానీ ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి మీరూ ఒక బల్బే, ట్రిప్ అవ్వదు. కెపాసిటర్‌లో ఉన్న ఛార్జ్ సంగతీ దానికి తెలియదు. పది రూపాయల టెస్టర్ వెలగలేదని కూడా నమ్మకండి. మీటర్‌ను ముందు తెలిసిన చోట పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. మీటర్ ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండగా సాకెట్‌లో పెడితే మీటరే షార్టు తీగ అవుతుంది. దీన్ని గుర్తుంచుకోండి, అనుభవం ఉన్నవాళ్లు కూడా మరిచిపోయే తప్పు ఇది.

రిపేరు చేసిన సెట్‌ను నేరుగా సాకెట్‌లో పెట్టకుండా సీరీస్ బల్బు గుండా, అంటే కరెంటు ముందు ఒక బల్బు దాటి సెట్‌కు వెళ్లేలా పెడతాం. 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు ఉండాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్ మిగులుతుంది. అది కాపాడేది సెట్‌నే, మిమ్మల్ని కాదు. ఫ్యూజు పోతే రాగి పోగు చుట్టే అలవాటు మన బజారులో ఇంకా ఉంది. అలా చుట్టిన సెట్ ఎప్పుడు అంటుకుంటుందో చెప్పలేం. పోయిన ఫ్యూజు గాజు నల్లగా మాడి ఉందంటే లోపల షార్టయిందని అర్థం, కొత్తది వేసినా అదీ పోతుంది.

మిగతావి తొందరగా చెప్పేస్తా. సీడీ ప్లేయర్ మూత తీసి నడిపిస్తూ లెన్స్‌లోకి చూడొద్దు, ఆ లేజర్ 780 నానోమీటర్లు, కంటికి దాదాపు కనిపించదు కానీ కంటికి చేటు. బ్లూటూత్ స్పీకర్‌లో బ్యాటరీ ఉబ్బి ఉంటే గుచ్చొద్దు, వంచొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. మైక్రోవేవ్ ఓవెన్ జోలికి ఎవరూ పోవద్దు, పెద్దవాళ్లు కూడా. దాని ట్రాన్స్‌ఫార్మర్ పీకి చెక్క మీద మెరుపు బొమ్మలు గీసే వీడియోలు చూసి చేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. సెట్‌టాప్ బాక్స్ ఇనుప భాగం తగిలితే జిల్లుమంటుందని పాప అంది కదా, రెండు పిన్నుల ప్లగ్గుల్లో ఎర్త్ లేక లోపలి చిన్న కెపాసిటర్ల గుండా కొంచెం కారే కరెంటు అది. మనిషికి పెద్దగా ఏం కాదు, కానీ అలా ఉండగా హెచ్‌డీఎంఐ వైరు గుచ్చితే పోర్టు పోవచ్చు. టీవీ, బాక్స్ రెండింటి ప్లగ్గులూ పీకి వైరు తగిలించండి.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే లాగడానికి చెయ్యి వేయొద్దు. ప్లగ్గు పీకండి, లేదా మెయిన్ ఆపండి. కుదరకపోతే ఎండిన కర్రతో నెట్టండి. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.

ఇన్ని వద్దులు చెప్పాక, మీకు విప్పడానికి ఏం ఇస్తానంటే, నా నాలుగు సెల్లుల రేడియో. ఆరు వోల్టులు, షాక్ కొట్టదు. 1963లో మొదలైన మన కడప రేడియో కేంద్రానికి 900 కిలోహెర్ట్జ్ మీద ముల్లు పెట్టేవాళ్లం దాంట్లోనే. సెల్లులు కారి స్ప్రింగులకు పచ్చ తుప్పు పట్టింది, వాల్యూమ్ తిప్పితే కరకరమంటుంది. లోపల నల్లటి కడ్డీకి చుట్టిన తీగ వెంట్రుక కన్నా సన్నం, దాన్ని లాగితే ఇక కడప పలకదు. మిగతాదంతా మీ ఇష్టం. విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, మరలు ఏ గిన్నెవి ఆ గిన్నెలో వేయండి.

సోల్డరింగ్, అంటే లోహం కరిగించి వైర్లు అతకడం నేర్పుతా. 25 వాట్ల ఐరన్ చాలు, కొన మాత్రం 300 డిగ్రీలు దాటి కాలుతుంది, స్టాండ్ లేకుండా కింద పెట్టేది లేదు. అతకడానికి మనం కరిగించే లెడ్డు తీగలో సీసం ఉంటుంది. ఒక చేత్తో లెడ్డు, ఇంకో చేత్తో బొరుగులు అంటే కుదరదు, సబ్బుతో కడుక్కున్నాకే తిండి. పొగ మొహానికి రాకుండా కిటికీ దగ్గర కూర్చుందాం. కళ్లకు పెట్టుకునే అద్దాలు ఇక్కడ ఒక జతే ఉన్నాయి, ఇంకో రెండు జతలు మీ నాన్నను కొనమనండి. వాల్యూమ్ కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా కూడా తెమ్మనండి. స్ప్రింగులు నేను ఇక్కడే చూసి పెడతా.

ఇట్లు,
మీ జేజినాయన